హోమ్ సిబ్బందికి ఇంకో వర్క్‌షాప్ వద్దు, రిలీవర్ కావాలి

నేరం మోపిన పిల్లల్ని విచారణ జరిగినంత కాలం ఉంచే అబ్జర్వేషన్ హోమ్ అనే మాట పేపర్లో కనబడిందంటే, పిల్లలు గోడ దూకి పారిపోయైనా ఉండాలి, సిబ్బంది మీద ఆరోపణ వచ్చైనా ఉండాలి. మర్నాటి నుంచి అందరిదీ ఒకటే పాట: గోడ ఎత్తు పెంచండి, సీసీ కెమెరాలు పెట్టండి, సిబ్బందికి శిక్షణ ఇవ్వండి. ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. సైదాబాద్ బాలుర హోమ్ అయినా, నింబోలిఅడ్డ బాలికల హోమ్ అయినా, రాష్ట్రంలో ఇంకెక్కడైనా ముందు అడగాల్సింది అదే.

లెక్క కష్టమైనదేం కాదు. వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు పనిచేస్తే, ఒక్క డ్యూటీని రాత్రీ పగలూ ఖాళీ లేకుండా నడపడానికే మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు, పిల్లవాడిని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజులు కలిపితే నలుగురు కూడా చాలరు. అంటే పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే హౌస్ ఫాదర్లు నలుగురున్న హోమ్‌లో, కాగితం మీద ఎంత నిండుగా కనిపించినా, రాత్రి రెండు గంటలకు మెలకువగా ఉండేది ఒక్కడే. వాడు కదలాల్సి వస్తే వాడి చోట నిలబడే మనిషే రిలీవర్.

ఆ వేళ ఇద్దరు కుర్రాళ్ళు కలబడ్డారనుకోండి. ఏం చేయాలో శిక్షణలో చెప్తారు: మొహంలో మొహం పెట్టకుండా కాస్త పక్కగా నిలబడాలి, చేయి చాపినా అందనంత దూరం ఉండాలి, తలుపుకు అడ్డంగా నిలబడకూడదు, గొంతు తగ్గించాలి, ఎంచుకోవడానికి రెండు దారులు చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, చుట్టూ మూగిన మిగతా పిల్లల్ని పక్క గదికి తీసుకెళ్ళాలి. నలుగురు చూస్తున్నంతసేపు ఏ కుర్రాడూ వెనక్కి తగ్గడు. కానీ ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మిగతావాళ్ళని కదిలించాలి కదా! ఒంటరి మనిషికి మిగిలేది అరుపు, అరుపుకీ లొంగకపోతే చేయి. బాలల న్యాయ చట్టం 2015లోని సెక్షన్ 82 కింద ఆ చేతికి శిక్ష పడాల్సిందే, నాకు అందులో రెండో మాట లేదు. నలభై మంది పిల్లల మధ్య ఒక్కడినే వదిలిన రోస్టర్ మీద సంతకం ఎవరిది అన్నది కూడా అదే విచారణలో తేలాలి.

ఇంకొకటి, హైదరాబాద్‌లో పనిచేసేవాళ్ళకి ప్రత్యేకంగా తెలియాల్సింది. కొత్తగా వచ్చిన పిల్లవాడు మొదటి రెండు మూడు రోజుల్లో వణుకుతున్నాడు, చెమటలు పడుతున్నాయి, నిద్ర లేదు, అర్థంపర్థం లేకుండా మాట్లాడుతున్నాడంటే, ‘నాటకాలు’ అనుకునే ముందు కల్లు తాగేవాడా అని అడగండి. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. అలవాటైన ఒంటికి అవి ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు తెలంగాణ జిల్లాల్లో జనం పిచ్చెత్తినట్టు ఆస్పత్రులకు చేరింది ఇందుకే. గంజాయి మానేసినవాడు అలా కాదు. వాడికి చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం. ప్రాణం మీదికి రాదు కానీ మొదటి వారమంతా లొల్లి పెట్టుకుంటాడు. చేర్చుకునేటప్పుడు ఏం తాగావు, ఎంత, చివరిసారి ఎప్పుడు అని తిట్టకుండా మూడు ప్రశ్నలు అడిగి రాసిపెడితే రాత్రి డ్యూటీ మనిషికి ఏది ఏదో తెలుస్తుంది. తెలిసినా, ఉస్మానియా ఆస్పత్రికో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికో తీసుకెళ్ళాలంటే డార్మిటరీని ఎవరికి అప్పజెప్పి వెళ్తాడు?

ప్రొబేషన్ ఆఫీసర్ల సంగతి వేరు, జబ్బు మాత్రం అదే. పిల్లవాడిని మొదట బాలల న్యాయ మండలి (బోర్డు) ముందు హాజరుపరిచిన రోజు నుంచి 15 రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. సరిగ్గా చేస్తే ఒక్క నివేదికకే కనీసం రెండు పూర్తి రోజుల పని. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళయితే పగలు ఇంటికి తాళం ఉంటుంది, రాత్రి ఏడు దాటాకో ఆదివారమో వెళ్ళాలి. బడికి వెళ్ళి హాజరు పట్టీ చూడాలి. ఇరుగుపొరుగుతో మాట్లాడేటప్పుడు కేసు సంగతి పొక్కకూడదు, పోలీసు బండిలో దిగకూడదు. పిల్లవాడు ఎవరన్నది ప్రచారం చేయడం సెక్షన్ 74 కింద నేరం. కేసులు మీద పడేకొద్దీ ఇదంతా ఫోన్ కాల్‌కి కుదించుకుపోతుంది. ‘తండ్రి తాగుబోతు, చెడు సావాసాలు’ అన్న రెండు ముక్కలే ఒక నివేదికలోంచి ఇంకో నివేదికలోకి నడిచిపోతాయి. బోర్డు ఒక పిల్లవాడి భవిష్యత్తు తేల్చేది ఆ కాగితం చూసే. బస్తీల్లో రాత్రిపూట తిరిగే మనిషికి పెట్రోలు డబ్బులు, మరుసటి రోజు సగం సెలవు ఇవ్వకుండా నివేదిక బాగాలేదని మెమో ఇవ్వడం అన్యాయం.

కౌన్సెలర్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. పదహారు దాటిన పిల్లవాడి మీద హేయమైన నేరం మోపితే వాడిని పెద్దవాడిలా విచారించాలా అన్నది తేల్చడానికి సెక్షన్ 15 కింద బోర్డు ప్రాథమిక మదింపు చేస్తుంది, దానికి మనస్తత్వ నిపుణుల సాయం తీసుకుంటుంది. వారం వారం వాడి మాటలు వినే కౌన్సెలరే ఆ మదింపు రాయకూడదు. నమ్మి చెప్పిన మాట పెద్దవాడిలా విచారించడానికి దారి చూపిందని తెలిస్తే, వాడే కాదు, ఆ హోమ్‌లో ఇంకే పిల్లవాడూ నోరు విప్పడు. మదింపుకి బయటి మనిషిని పిలవమని బోర్డుని రాతపూర్వకంగా అడగండి.

వీళ్ళందరికీ నెలకు రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున, బయటి సీనియర్‌తో కూర్చునే సమయం డ్యూటీ గంటల్లోనే ఇవ్వాలి. ఆ సీనియర్ సూపరింటెండెంట్ అయితే పనికిరాదు, పనితీరు రిపోర్టు రాసేవాళ్ళ దగ్గర ఎవరూ మనసు విప్పరు. ఏ పిల్లవాడి ఆలోచన ఇంటిదాకా వస్తోంది అని అక్కడ ఎలాగూ అడుగుతారు. ఏ పిల్లవాడిని చూస్తే ఒళ్ళు మండుతోంది అని కూడా అడగాలి, దెబ్బ పడబోయేది అక్కడే. ఉస్మానియా యూనివర్సిటీ ఉంది, సోషల్ వర్క్ నేర్పే రోడా మిస్త్రీ కాలేజీ ఉంది, ఆన్‌లైన్‌లో అయితే పిల్లల మానసిక ఆరోగ్యం మీద పనిచేసే బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళ సంవాద్ ఉంది. ఊళ్ళో మనుషులకు కొదవ లేదు.

ఒక పిల్లవాడు ఉరి వేసుకోబోతే మొదట చూసి దించిన మనిషిని ఆ పూటే డ్యూటీ నుంచి తప్పించి తోడిచ్చి ఇంటికి పంపాలి. వాంగ్మూలం మర్నాడు, ఒక్కసారే తీసుకోవాలి. అందరినీ కూర్చోబెట్టి జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. వారానికోసారి, నెలకోసారి ఎలా ఉన్నారని విడిగా అడగండి. రాత్రిళ్ళు మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇవేవీ రిలీవర్ లేకుండా జరగవు. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి, పోస్టుల మాట ఆ పద్దులోనే తేలాలి. మీ వంతుగా పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పిల్లల పేర్లు, కేసుల వివరాలు అడగొద్దు. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, గడిచిన మూడు నెలల్లో ఒక్కరే డ్యూటీ చేసిన రాత్రులెన్ని అని అడగండి. జవాబుకి గడువు 30 రోజులు.