ఎస్టోనియాను ఎస్టోనియన్ల నుంచి కాపాడుకుందాం

ఉత్తర ఐరోపాలోని ఎస్టోనియా జనాభా సుమారు 13 లక్షలు. మన విశాఖపట్నం కన్నా తక్కువ. అంత చిన్న దేశాన్ని అక్కడుండేవాళ్ల చేతుల్లోనే వదిలేస్తే ఏమైపోతుందోనని టొరంటోలో, స్టాక్‌హోమ్‌లో, సిడ్నీలో ఎన్నో కుటుంబాలు టెన్షన్ పడుతున్నాయి.

వీళ్ల తాతలు 1944లో, 1940లో దేశాన్ని ఆక్రమించిన సోవియట్ సైన్యం మళ్లీ వస్తోందని తెలిసి, దొరికిన పడవెక్కి బాల్టిక్ సముద్రం దాటారు. కొందరు స్వీడన్‌లో ఆగారు. మిగిలినవాళ్లు జర్మనీ శరణార్థి శిబిరాల మీదుగా కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా చేరారు. పెట్టెలో సామాను పెద్దగా పట్టలేదు గానీ దేశం మొత్తం పట్టింది. మనవలు ఆ పెట్టెను ఇప్పటికీ భద్రంగా దాచారు. 1944 తర్వాతి వస్తువేదైనా అందులో కనిపిస్తే అది నకిలీ.

దేశం సోవియట్ పాలనలో ఉన్న 1991 దాకా పని సులువుగానే సాగింది. 1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిబ్రవరి 24న నీలం, నలుపు, తెలుపు జెండా ఎగరేసి, బృందగానం చేసి, కాసేపు ఏడ్చి, నల్ల రొట్టె మీద ఉప్పు చేప పెట్టుకు తిని, "స్వాతంత్ర్యం రానీ, మర్నాడే వెళ్లిపోతాం" అనుకుంటూ ఇళ్లకు పోయేవారు. 1991 ఆగస్టు 20న అది నిజంగానే వచ్చేసింది! ఇంత ఇబ్బంది ఏ ప్రవాసులకూ రాకూడదు. పిల్లల చదువులు, ఇంటి లోను, మోకాళ్ల నొప్పులు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. న్యూజెర్సీలో పెరిగిన టోమస్ హెండ్రిక్ ఇల్వెస్ మాత్రం మాట మీద నిలబడి వెళ్లారు. అక్కడితో ఊరుకోక 2006లో దేశాధ్యక్షుడు కూడా అయ్యారు. ఇలా అతి చేసేవారు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు.

ఇక వంశవృక్షం. పాత చర్చి రిజిస్టర్లను జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో పెట్టింది. వెతకడానికి కూర్చున్న ప్రతివారి మనసులోనూ ఒక జమీందారు భవంతి ఉంటుంది. భవంతి దొరుకుతుంది కూడా. కాకపోతే ముత్తాత ఉన్నది దాని పొలంలో. భవంతిలో ఉన్నది జర్మన్ దొర. 1816లో ఒక భాగంలో, 1819లో మరో భాగంలో వెట్టి రద్దయ్యాకే చాలామంది రైతులకు ఇంటిపేర్లు వచ్చాయి, వాటిలో ఎన్నో ఆ దొరల దయే. 1930ల్లో మళ్లీ జర్మన్ పేర్లు వద్దని చాలామంది వాటినీ మార్చుకున్నారు. అంటే కాఫీ మగ్గు మీద అచ్చేయించుకున్న అనాది వంశనామం కన్నా ఇంట్లో తాతగారే పెద్దవాడు కావచ్చు. కుటుంబ సమావేశంలో ఈ సంగతి ఎత్తాలనుకుంటే, కేక్ తిన్నాక ఎత్తండి.

జానపద దుస్తుల విషయంలో పట్టింపు మరీ ఎక్కువ. ఏ పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు) వాళ్లు ఆ పారిష్ లంగాయే కట్టాలి. ముహు దీవి పసుపు లంగా ఫోటోల్లో బాగా పడుతుంది. అందుకని ఆ దీవిలో తమకో ముత్తవ్వ ఉండేదని చాలామందికి ఈమధ్య హఠాత్తుగా తెలుస్తోంది.

ఇంత నిష్ఠతో సెలవులకు రాజధాని టాలిన్ వెళ్తే ఏం కనబడుతుంది? అక్కడి కుర్రాళ్లు సుషి తింటున్నారు. ఓటు కూడా ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో వేస్తున్నారు, అదీ 2005 నుంచి! జానపద దుస్తుల్లో ఆఫీసుకు వెళ్లేవాడు ఒక్కడూ లేడు. 1940కి ముందటి పౌరుల సంతతిగా పాస్‌పోర్టూ ఐడీ కార్డూ తీసుకున్న మనవలకు ఇది చూస్తూ ఊరుకునే మనసు రాలేదు. ప్రభుత్వానికి గట్టి నిరసన పత్రం తయారుచేశారు. దాని మీద డిజిటల్ సంతకం పెట్టాలంటే ఐడీ కార్డు రెండో పిన్ కావాలి. మొదటిది అందరికీ గుర్తుంది.