మహమ్మారి వేళ జనగణన: మొత్తం సరిపోతే చాలదు

2020 ఏప్రిల్ 1 అమెరికా జనగణనకు ప్రామాణిక తేదీ. ఆ రోజున ప్రాణంతో ఉన్న ప్రతి మనిషీ లెక్కలోకి రావాలి. మర్నాడు పుట్టిన బిడ్డ రాకూడదు; పది రోజుల తర్వాత కన్నుమూసిన పెద్దాయన మాత్రం రావాలి. మామూలు ఏడాదిలో ఇది శిక్షణ తరగతిలో రెండు నిమిషాల్లో చెప్పి దాటేసే నియమం. ఆ ఏడాది మాత్రం, కోవిడ్ వల్ల, ఫారం నింపి పంపని ఇళ్లకు వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్లు వెళ్లేసరికి నెలలు గడిచిపోయాయి, ఎన్నో ఇళ్లలో మనుషులు తగ్గిపోయారు. మాస్కు కట్టుకున్న ముక్కూమొహం తెలియని మనిషి గంట కొట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడి, “ఏప్రిల్ ఒకటిన ఈ ఇంట్లో ఎంతమంది ఉండేవారు?” అని అడిగితే, అదే నెల రెండో వారంలో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు ఏమని చెబుతుంది? ఇప్పుడున్నవాళ్ల పేర్లే చెబుతుంది. లేని మనిషి పేరు రాయించాలన్న ఆలోచన ఆమెకు రాదు, ఎన్యూమరేటర్‌కు రెండోసారి అడగడానికి నోరు రాదు. జనగణనలో ఎన్నో పొరపాట్లు ఇలాగే, ఎవరి తప్పూ లేకుండా, గడప దగ్గర పుడతాయి.

ప్రతి మనిషినీ విడిగా లెక్కించడం, దేశంలో ఏ మూలనూ వదలకపోవడం, అందరినీ ఒకే సమయానికి సంబంధించి లెక్కించడం, నిర్ణీత వ్యవధిలో మళ్లీ లెక్కించడం జనగణనకు మూల లక్షణాలని ఐక్యరాజ్యసమితి సూత్రాలు చెబుతాయి. అంటురోగం ప్రబలినప్పుడు ఈ నాలుగింటికీ దెబ్బ తగులుతుంది కానీ, మొదట చెదిరేది మూడోదే. ఒక మనిషి ‘మామూలుగా’ ఎక్కడ ఉంటాడన్న ప్రశ్నకు ఆ రోజుల్లో సూటిగా జవాబు దొరకదు. అమెరికాలో విశ్వవిద్యాలయాలు 2020 మార్చిలోనే మూతపడ్డాయి. హాస్టల్ విద్యార్థిని హాస్టల్లోనే లెక్కించాలన్నది నియమం. పిల్లవాడు కళ్లెదుట ఇంట్లో ఉన్నప్పుడు తల్లిదండ్రులు అతని పేరు ఇంటి ఫారంలో రాయడం అంతే సహజం. అటు హాస్టల్ జాబితాలోనూ ఇటు ఇంటి ఫారంలోనూ పేరు పడితే ఆ విద్యార్థి ఇద్దరైనట్టు. పని పోయి, అద్దె గది ఖాళీ చేసి, బంధువుల పంచన చేరిన కార్మికుడి సంగతి దీనికి తలకిందులు. గది యజమాని అతను వెళ్లిపోయాడంటాడు, బంధువులు అతను మా ఇంటివాడు కాదంటారు. రెండు చోట్లా పేరు పడదు.

ఇక్కడ సాధారణంగా ఎవరూ అంతగా పట్టించుకోని మరో చిక్కు ఉంది. లెక్క తప్పులేకుండా జరిగినా, ఆ రోజు చూపించిన బొమ్మ రాబోయే పదేళ్లకు పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 మార్చి 21న, ఆంక్షలు ఇంకా అమల్లో ఉండగానే జనగణన జరిగింది. ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే వివరాలు ఇచ్చారు, 97 శాతం కుటుంబాలు స్పందించాయి. సంక్షోభంలోనూ ఇంత శ్రద్ధగా పని చేయవచ్చని ఆ ఫలితం చూపింది. అయినా అదే జనగణన ప్రకారం ఉద్యోగుల్లో 31.2 శాతం మంది ప్రధానంగా ఇంటి నుంచే పని చేస్తున్నారు. లండన్ నడిబొడ్డున ఉన్న కెన్సింగ్టన్-చెల్సీ జనాభా పదేళ్లలో 9.6 శాతం, వెస్ట్‌మినిస్టర్ జనాభా 6.9 శాతం తగ్గినట్టు తేలింది. ఆ రోజుకు అది నిజమే కావచ్చు. కానీ రైళ్లు ఎన్ని నడపాలి, బడిలో ఎన్ని తరగతి గదులు కట్టాలి అని 2028లో లెక్కలేసే అధికారికి ఆ ఒక్క రోజు నిజం ఎంతవరకు ఆధారం? ప్రయాణాలకు, ఉపాధికి సంబంధించిన అంకెలను జాగ్రత్తగా వాడుకోవాలని అక్కడి గణాంక కార్యాలయమే హెచ్చరించింది. ఆ హెచ్చరికను ఫలితాలతో పాటే ప్రచురించడాన్ని నేను బలహీనతగా చూడను. వృత్తి ధర్మం అంటే అదే.

అసలు విషయానికి వస్తాను. మహమ్మారి కాలపు జనగణన ఎంత కచ్చితమైనదో మొత్తం జనాభా అంకెను బట్టి తేల్చడం పొరపాటు. 2020లో అమెరికా లెక్కించిన జనాభా 33 కోట్ల 14 లక్షల పైచిలుకు. గణన తర్వాత విడిగా జరిపిన నమూనా సర్వేతో పోల్చి చూస్తే నికరంగా తగ్గినది 0.24 శాతమేనని 2022 మార్చిలో తేలింది. గణాంక శాస్త్రం దృష్టిలో అది లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత స్వల్ప తేడా. ఇక్కడితో ఆగిపోతే అద్భుతమైన జనగణన అనాలి. ఆ సర్వేనే మరో పేజీ తిప్పితే కనిపించేది వేరు. నల్లజాతీయులు 3.30 శాతం, స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న హిస్పానిక్‌లు 4.99 శాతం, తమ తెగలకు కేటాయించిన రిజర్వేషన్ ప్రాంతాల్లో నివసించే అమెరికన్ ఇండియన్లు, అంటే అక్కడి మూలవాసులు, 5.64 శాతం తక్కువగా లెక్కకొచ్చారు. హిస్పానిక్ కాని శ్వేతజాతీయులు 1.64 శాతం, ఆసియన్లు 2.62 శాతం ఎక్కువగా లెక్కకొచ్చారు. అయిదేళ్లలోపు పిల్లలు సుమారు 2.8 శాతం తక్కువగా లెక్కకొచ్చారు. ఒకచోట రెండుసార్లు లెక్కపడ్డవాళ్లు, మరోచోట అసలు లెక్కపడనివాళ్లు కలిసి మొత్తాన్ని సరిచేశారు. రెండు ఇళ్లున్న కుటుంబం పేరు రెండు చోట్ల నమోదైనందువల్ల, ఒకే గదిలో మూడు కుటుంబాలు సర్దుకున్న ఇంట్లోని పసిబిడ్డకు న్యాయం జరగదు కదా!

ఈ తేడాలు మహమ్మారితోనే మొదలు కాలేదు. అంతకుముందు జనగణనల్లోనూ ఇవే వర్గాలు వెనకబడ్డాయి. మహమ్మారి చేసింది ఏమిటంటే, ఆ తేడాను సరిచేయడానికి ఉన్న ఒకే ఒక్క సాధనాన్ని, అంటే సమయాన్ని, లాగేసుకుంది. తనంతట తాను ఫారం నింపి పంపే కుటుంబం ఏ కాలంలోనైనా పంపుతుంది. 2020లో అలా పంపినవి 67 శాతం. మిగిలిన మూడో వంతు ఇళ్ల దగ్గరే అసలు పని. మొదటిసారి వెళితే తలుపు తీయరు, రెండోసారి తాళం, మూడోసారి పక్కింటివాళ్లు తమకు తెలిసినంత చెబుతారు, అదీ కుదరకపోతే ప్రభుత్వ రికార్డుల్లో వెతుకుతారు, చివరికి అంచనా వేస్తారు. మెట్టు దిగిన కొద్దీ సమాచారంలో నాణ్యత తగ్గుతుంది. ఇంట్లో నలుగురున్నారని చెప్పగలిగిన పొరుగింటాయనకు ఆ నలుగురి వయసులు తెలియవు, అయిదో మనిషిగా ఉన్న పసిపాప సంగతి గుర్తు రాదు. ఈ పనికి మొదట అక్టోబరు 31 వరకు గడువు పొడిగించారు, తర్వాత సెప్టెంబరు 30కి కుదించారు, కోర్టు వివాదాల మధ్య చివరికి అక్టోబరు 15న ముగించారు. క్షేత్ర సిబ్బందికి రేపు ఏ తేదీ వర్తిస్తుందో తెలియని స్థితి. ఇలా చివరి వారాల్లో పెట్టిన తొందర భారం దేశమంతటా సమానంగా పడదు. తలుపు ఆలస్యంగా తెరుచుకునే ఇళ్ల మీదే పడుతుంది.

దాని ఫలితం ప్రజాప్రాతినిధ్యం దాకా వెళుతుంది. ఆ జనగణనలో మరో 89 మంది లెక్కకొచ్చి ఉంటే న్యూయార్క్ రాష్ట్రం, జనాభాను బట్టి రాష్ట్రాలకు స్థానాలు పంచే ప్రతినిధుల సభలో ఒక స్థానం కోల్పోయేది కాదు. తీరా 2022 మే నెలలో రాష్ట్రాలవారీ సర్వే ఫలితాలు వచ్చాక చూస్తే 14 రాష్ట్రాల్లో లెక్క గణనీయంగా తేడా పడింది. న్యూయార్క్‌లో 3.44 శాతం ఎక్కువ, ఫ్లోరిడాలో 3.48 శాతం తక్కువ. పదుల సంఖ్యలో మనుషుల మీద స్థానాలు నిర్ణయమయ్యే వ్యవస్థలో ఇది లక్షల మనుషుల పొరపాటు. స్థానాల కేటాయింపు అప్పటికే ముగిసిపోయింది, సవరించే దారి లేదు.

ప్రాణాలు పోతున్న వేళ మనుషులను లెక్కపెట్టడం అవసరమా అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ప్రశ్న వెనక ఉన్న బాధను గౌరవిస్తాను, కానీ ప్రశ్నతో ఏకీభవించను. మరణాల రేటు, వ్యాప్తి రేటు, టీకాల శాతం, ఏదైనా సరే ఒక భిన్నం. లవం ఆసుపత్రి నుంచి వస్తుంది, హారం జనగణన నుంచి వస్తుంది. హారం పాతదైతే భిన్నం మొత్తం తప్పుతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం టీకాల శాతాన్ని 95 దగ్గర ఆపి చూపించాల్సి రావడానికి ఒక కారణం, కొన్ని చోట్ల వేసిన టీకాలు ఉన్న జనాభా అంచనాను దాటిపోవడమే. వంద మందికి నూట మూడు మందికి టీకా వేసినట్టు కాగితం చూపిస్తున్న ఊళ్లో ఇంకా టీకా అందనివాళ్లు ఎక్కడున్నారో ఆరోగ్య కార్యకర్త ఎలా వెతకాలి?

అంతకంటే లోతైన సంబంధం 1921 భారత జనగణనలో కనిపిస్తుంది. 1918 ఇన్‌ఫ్లూయెంజా ఎంతమందిని బలిగొన్నదో జనన మరణాల రిజిస్టర్లు చెప్పలేకపోయాయి. రాసే ఉద్యోగి మంచాన పడినప్పుడు రిజిస్టరూ ఆగిపోతుంది. ఆ నష్టం ఎంతో మొదట గట్టిగా చూపించింది జనగణనే. 1911తో పోలిస్తే జనాభా 0.31 శాతం తగ్గింది. ఆధునిక భారత జనగణన చరిత్రలో జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే. కోటికి పైగా మనుషులు పోయారన్న అంచనాల్లో చాలావాటికి ఆ లెక్కే ప్రధాన ఆధారం. మహమ్మారి తర్వాత సరైన జనగణన లేకపోతే, పోయినవాళ్లు ఎందరో దేశానికి ఎప్పటికీ తెలియకపోవచ్చు.

మరి వాయిదా వేయాలా? వేయవచ్చు. ఎన్యూమరేటర్ ప్రాణాన్ని, తలుపు తీసే వృద్ధురాలి ప్రాణాన్ని పణంగా పెట్టి తెచ్చే అంకె ఏ ప్రభుత్వానికీ అక్కర్లేదు. ఐర్లండ్ 2021 ఏప్రిల్‌లో జరగాల్సిన జనగణనను ఏడాది పాటు వాయిదా వేసి 2022 ఏప్రిల్‌లో జరిపింది. తేదీ చెప్పి వాయిదా వేయడం, ఆ తేదీకి కట్టుబడడం గౌరవనీయమైన నిర్ణయం. వాయిదా తనంతట తాను నాణ్యత తెస్తుందనుకోవడం మాత్రం భ్రమ. స్కాట్లండ్ కూడా ఏడాది ఆగి 2022 మార్చిలో జరిపితే మొదటి గడువు ముగిసేసరికి స్పందన 80 శాతాన్ని కూడా చేరలేదు. గడువు పొడిగించాక 89 శాతం దగ్గర ఆగింది. మహమ్మారి నడుమ జరిపిన పొరుగు దేశం కన్నా ఇది తక్కువ. బ్రెజిల్ జనగణనను మొదట మహమ్మారి, తర్వాత బడ్జెట్ కోత వెనక్కి నెట్టాయి. 2022 ఆగస్టులో మొదలై మూడు నెలల్లో ముగియాల్సిన పని మరుసటి ఏడాదిలోకి సాగింది. తేలిన జనాభా 20.3 కోట్లు, అంతకుముందు వాడుకలో ఉన్న అంచనాలు 21 కోట్లకు పైన.

తేదీ లేని వాయిదా అన్నిటికంటే ఖరీదైనది. భారత్‌లో 2020 ఏప్రిల్ 1న మొదలు కావాల్సిన ఇళ్ల జాబితా పని మార్చి 25న లాక్‌డౌన్ రావడంతో ఆగింది. అప్పుడు ఆపడం సబబే. అయితే ఆంక్షలు తొలగిన తర్వాత కూడా కొత్త తేదీ రాకుండా సంవత్సరాలు గడిచాయి. చివరికి 2025 జూన్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించింది. ఈలోగా ఆహార భద్రతా చట్టం కింద రేషన్‌కు అర్హుల సంఖ్య 2011 లెక్కల ప్రకారం వేసిన 81.35 కోట్ల పరిమితి దగ్గరే ఉండిపోయింది. గ్రామాల్లో 75 శాతానికి, పట్టణాల్లో 50 శాతానికి అని చట్టం చెబుతోంది. ఎంతమందిలో 75 శాతం అన్నది పాత లెక్కే చెబుతోంది. ఆ తర్వాత పెరిగిన జనాభా ఆ పరిమితికి బయటే ఉంది.

డెన్మార్క్ 1981లో, ఫిన్లండ్ 1990లో ఇంటింటికీ వెళ్లడం పూర్తిగా మాని రిజిస్టర్ల ఆధారంగా జనగణన జరిపాయి. మహమ్మారి కాలానికి అంతకన్నా అనువైన పద్ధతి లేదని అనిపిస్తుంది. అయితే దశాబ్దాల పాటు ప్రతి చిరునామా మార్పునూ నమోదు చేసిన సమాజంలోనే అది నిలుస్తుంది. రిజిస్టర్‌కు తెలిసేది కార్యాలయం మెట్లెక్కినవాళ్లే. ఎక్కనివాళ్లను వెతకడానికి మళ్లీ మనిషే వెళ్లాలి. అంటురోగ కాలంలో ఆ మనిషికి ఇంకో అనుమానం ఎదురవుతుంది. ఈ వివరాలు ఆరోగ్య శాఖకు వెళతాయా, నన్ను క్వారంటైన్‌కు తీసుకుపోతారా అన్న భయం ఉన్నచోట దాచిపెట్టడం మొదలవుతుంది. జనగణన ఫారం రోగుల జాబితాతో ఎన్నడూ కలవదన్న హామీ చట్టంలో ఉంటే సరిపోదు, తలుపు దగ్గర వారి భాషలో, వీలైతే ఆ వీధికి తెలిసిన మనిషి నోటితో వినిపించాలి.

నా దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైనది గణన అనంతర సర్వే. గణనలో పాల్గొనని వేరే సిబ్బంది, మొదటి జాబితా చేతిలో లేకుండా, ఎంచిన ప్రాంతాలకు వెళ్లి మళ్లీ లెక్కించి పోల్చి చూడటమే ఆ పని. డబ్బు, ఓపిక అడుగంటిన దశలో వస్తుంది కనుక దీన్నే ముందుగా కుదించాలనిపిస్తుంది. ఆలస్యమైతే జవాబులూ మసకబారతాయి. ఏడాది కిందట ఫలానా రోజున ఎక్కడున్నారని అడిగితే, మూడు ఇళ్లు మారిన మనిషి ఏమని చెప్పగలడు? దక్షిణాఫ్రికా 2022లో జనగణన జరిపి, జనాభా 6.2 కోట్లని ప్రకటిస్తూనే, క్షేత్రస్థాయిలో సుమారు 31 శాతం మంది లెక్కకు అందలేదని, సర్వే ఆధారంగా ఆ లోటును సవరించామని చెప్పింది. తప్పు అంత పెద్దదైతే చిన్న ప్రాంతాల అంకెలను ఎంతవరకు నమ్మాలన్న చర్చ అక్కడి జనాభా నిపుణుల్లో మొదలైంది. ఆ చర్చ సాధ్యమైంది 31 అన్న అంకె బయటికి వచ్చింది కాబట్టే.