పదో తరగతి ఉత్తీర్ణత శాతానికి టీచరు జీతం ముడిపెడితే బడి బాగుపడదు

ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే వాదన తిరుగుతుంది. ప్రభుత్వ టీచరుకు ప్రైవేటు టీచరు కంటే ఎన్నో రెట్లు జీతం, ఫలితం మాత్రం తక్కువ. కాబట్టి ఉత్తీర్ణత శాతం పడిపోయిన బడిలో ఇంక్రిమెంట్లు ఆపాలి, జీతం కోయాలి. ఇది పనిచేస్తుందని ఆంధ్రప్రదేశ్‌లోనే పరిశోధనలో తేలింది. ఇదీ ఆ వాదన. బడిని జవాబు అడగడం న్యాయమే. గ్రామీణ పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే అసర్ సర్వే 2024లో చూస్తే, దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. ప్రజల డబ్బుతో నడిచే బడిని దీని మీద నిలదీయాల్సిందే. అయితే ఈ వాదన చేతిలో ఉన్న కొలబద్ద తప్పు, చూపే ఆధారమూ తప్పు.

ముందు ఆ పరిశోధన సంగతి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో దీన్ని మొదలుపెట్టారు. అక్కడ ఎవరి జీతమూ కోయలేదు, అదనంగా బోనస్ ఇచ్చారు. పిల్లల సగటు మార్కులు 5 శాతం పాయింట్లకు మించి పెరిగితే, ఆపైన ప్రతి పాయింటుకు 500 రూపాయలు. సగటున అది ఏడాది జీతంలో 3 శాతం దాకా వచ్చింది. కొలిచింది ఉత్తీర్ణత కాదు, ఏడాదిలో పిల్లవాడు ఎంత ముందుకొచ్చాడన్నది. పరీక్ష పెట్టిందీ ఆ బడి టీచర్లు కాదు, బయటివాళ్లు. రెండేళ్లకు లెక్కల్లో, తెలుగులో పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చినవాళ్లు చేసే పని మారింది: హోంవర్కు, నమూనా పరీక్షలు, బడి వేళల తర్వాత అదనపు తరగతులు పెరిగాయి. ఈ పరిశోధన పేరు చెప్పి జీతం కోయమనడం అంటే అందులో లేనిదాన్ని దానికి అంటగట్టడమే.

ఇక ఉత్తీర్ణత శాతం. ఊళ్లలో చాలా ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి చిన్నది. 20 మంది రాస్తే ఒక్కడు తప్పినా 5 పాయింట్లు పోతాయి. నిరుడు 95 శాతం, ఈసారి 80 అంటే తేడా ముగ్గురు పిల్లలు. వాళ్లలో ఒకరికి జ్వరం, మరొకరు మిర్చి కోతలకు వలస వెళ్లి ఉంటే బోధన గురించి ఆ అంకె చెప్పేది ఏమీ లేదు. పైగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే టీచరు (స్కూల్ అసిస్టెంట్) చేతికి ఆ పిల్లలు వచ్చేసరికే ఐదేళ్ల చదువు గడిచిపోయింది. ఆరులో చేరిన పిల్లలకు 46లోంచి 29 తీసేయమని ఇచ్చి చూడండి. 23 అని రాసేవాళ్లు కనిపిస్తారు. ఒకట్ల స్థానంలో 6లోంచి 9 పోదు కాబట్టి 9లోంచే 6 తీసేసి 3 వేస్తారు. పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవాలన్నది మూడో తరగతి దాటినా అందలేదు. ఆ పిల్లవాడికి సిలబస్ ప్రకారం బీజగణితం చెబితే నోట్సు నిండుతుంది, అంతే. ఏ టీచరైనా ఆ పిల్లవాణ్ణి రెండేళ్లలో తీసివేత నుంచి భాగహారం దాకా తీసుకొచ్చి, చివరికి 28 మార్కులు తెప్పించగలిగితే అది గొప్ప పని. 35 దాటలేదు కాబట్టి ఉత్తీర్ణత శాతంలో దాని విలువ సున్నా.

ప్రైవేటు బడుల నూరు శాతం మాట. తొమ్మిదిలో వెనకబడ్డవాడికి టీసీ ఇచ్చి పంపగల బడిని, వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకోవాల్సిన బడితో పక్కపక్కన పెట్టి చూడలేం. సరైన పోలిక ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2008లో మొదలైన మరో అధ్యయనంలో లాటరీ తీసి, గెలిచిన పిల్లలను ప్రైవేటు బడులకు పంపారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలతో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. అదే సమయంలో ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లవాడి మీద అయిన ఖర్చు ప్రభుత్వ బడిలో మూడో వంతు కన్నా తక్కువ. ఈ ఖర్చు ప్రశ్నకు విద్యాశాఖ సూటిగా జవాబు చెప్పాలి, దాన్ని దాటవేయకూడదు.

భయపెడితే పని జరుగుతుందన్నది మరో నమ్మకం. అమెరికాలో 2002లో అమల్లోకి వచ్చిన చట్టం 2014 నాటికి ప్రతి విద్యార్థీ నిర్దేశిత స్థాయికి చేరాలంది. చేరని బడులకు ఆంక్షలు. అట్లాంటాలో మార్కుల లక్ష్యాల ఒత్తిడికి టీచర్లే జవాబు పత్రాలు దిద్దారు. 2011 విచారణలో 44 బడుల్లో 178 మంది పేర్లు బయటపడ్డాయి. మన దగ్గర అంత శ్రమ కూడా అక్కర్లేదు. తెలంగాణలో ఇన్నేళ్లుగా పదో తరగతిలో సబ్జెక్టుకు 100లో 20 మార్కులు బడి వేసే అంతర్గత మార్కులే. పరీక్ష రాసే పిల్లల జాబితా (నామినల్ రోల్స్) పంపేటప్పుడు బలహీనుల పేర్లు జారిపోతే శాతం దానంతటదే పెరుగుతుంది. జీతం దాని మీద ఆధారపడినప్పుడు నష్టపోయేది అందరికంటే వెనకున్న బిడ్డే.

జవాబుదారీతనం కావాలంటే పద్ధతి ఉంది. జూన్‌లో ప్రతి పిల్లవాడికీ విడిగా, అక్షరం, పదం, పేరా, కథ వరుసలో చదివించి, సంఖ్యలు, తీసివేత, భాగహారం చేయించి స్థాయి రాసుకోవాలి. ఏప్రిల్‌లో అదే పరీక్ష పక్క మండలం టీచర్లో బయటి సంస్థో పెట్టాలి. జూన్ జాబితాలో ఉండి ఏప్రిల్‌లో రానివాణ్ణి లెక్కలోంచి తీసేయకుండా, ఎదుగుదల లేనట్టు వేయాలి. ఒక్క ఏడాది అంకె మీద నిర్ణయం వద్దు, మూడేళ్ల సగటు చూడాలి. బడితో పాటు పై అధికారుల పద్దు కూడా అదే కాగితం మీద ఉండాలి: సబ్జెక్టు టీచరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీ, డెప్యుటేషన్ మీద ఎవరు ఎక్కడికి పోయారు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలకు తప్ప టీచర్లను బోధనేతర పనులకు వాడొద్దంటోంది. ఇతర పనులకు ఎన్ని రోజులు పోయాయో కూడా అందులో రావాలి.

తల్లిదండ్రుల చేతిలోనూ పని ఉంది. 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు వాళ్లే. తదుపరి సమావేశంలో రెండు అడగండి: మూడో తరగతిలో పేరా చదవగలిగేది జూన్‌లో ఎంతమంది, ఇప్పుడు ఎంతమంది, ఖాళీ పోస్టు గురించి మండల విద్యాధికారికి (ఎంఈఓ) ఏ తేదీన రాశారు. జవాబులు తీర్మానాల పుస్తకంలో రాయించి, సంతకాలు పెట్టించి, ఒక ప్రతి తీసుకోండి.