ఔట్‌సోర్సింగ్ ఇంటర్వ్యూకు వెళ్లేవారు పాటించవలసిన మర్యాదలు

అనంతపురం జిల్లాలో వర్షం కూడా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలోనే పనిచేస్తుంది: ఎప్పుడు విధుల్లో చేరుతుందో చెప్పదు, చేరినా ఎన్నాళ్లుంటుందో హామీ ఇవ్వదు, వేరుశనగ ఊడలు దిగే సమయానికి కాంట్రాక్టు ముగిసిందని వెళ్లిపోతుంది. ఇంతటి శిక్షణలో పెరిగిన యువకులు కూడా తాత్కాలిక ఉద్యోగపు ఇంటర్వ్యూలో కూర్చుని జీతం ఏ తారీకున పడుతుందని అడుగుతున్నారంటే, పెంపకంలో ఎక్కడో లోపం ఉందనే అనుకోవాలి. ఆ లోపాన్ని సవరించేందుకే ఈ నాలుగు మాటలు.

ఇంటర్వ్యూ గది సాధారణంగా జిరాక్సు దుకాణం పైన ఉంటుంది. ఇది యాదృచ్ఛికం కాదు. ప్రతి నోటిఫికేషన్‌తోనూ కచ్చితంగా ఉపాధి దొరికేది కింద ఉన్న ఆ దుకాణదారుకే. పైన రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు తిరుపతి క్యాలెండరు, బల్ల మీద మనకంటే ముందు వచ్చి వెళ్లినవారి మార్కుల జాబితాల దొంతర ఉంటాయి. ప్రభుత్వ ఆఫీసులకు మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ ప్రతినిధి ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో మన పదో తరగతి మెమో తిరగేస్తాడు. మార్కుల వైపు చూడడు. "యాడ మీది?" అంటాడు. "శింగనమల సార్" అని చెప్పగానే అసలు ప్రశ్న వస్తుంది: "ఎవురు పంపించినారప్పా?"

పత్రికలో చూసి వచ్చానని చెప్పేవాడు ఈ ప్రశ్నలోనే తప్పాడన్నమాట. విద్యార్హత, టైపింగు వేగం, కంప్యూటర్ సర్టిఫికెట్ అన్నీ ఈ ఒక్క ప్రశ్నకు అనుబంధాలు. దళారుల బెడద లేకుండా జీతం నేరుగా కార్మికుని ఖాతాలో పడాలని 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆప్కాస్ పేరుతో ఒక కార్పొరేషన్‌నే ఏర్పాటు చేసింది. ఉద్దేశం గొప్పది. కానీ "ఎవరు పంపించారు" అన్న ప్రశ్నకు ఇంకా ఏ కార్పొరేషనూ ప్రత్యామ్నాయం కనిపెట్టలేదు.

తరువాతి ప్రశ్న విశ్వాసానికి సంబంధించినది. "మధ్యలో ఇడిసిపెట్టి బెంగళూరికి పోవు కదా?" అని ప్రతినిధి కళ్లలోకి చూసి అడుగుతాడు. తాను ఇవ్వబోయేది మార్చి 31తో ముగిసే ఉద్యోగమనీ, ఏప్రిల్‌లో ఉంచుతారో లేదో తనకే తెలియదనీ అతనికి తెలుసు. అయినా అభ్యర్థి మాత్రం జీవితాంతం ఉంటానని మాట ఇవ్వాలి. ఈ మాట ఇచ్చేటప్పుడు నవ్వకూడదు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత ఏకపక్షపు నిబద్ధతను ఎవరూ కోరరని వాదించేవారు ఉంటారు. వారికి ఉద్యోగాలు రావు.

ఇక జీతం. 15,000 అని చెబుతారు. భవిష్యనిధి కింద ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800 రూపాయలు. కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ కింద 0.75 శాతం, అంటే 113 రూపాయలు పోగా 13,087 చేతికి రావాలని లెక్కల్లో కాస్త ప్రవేశమున్న అభ్యర్థి ఆశిస్తాడు. ఇక్కడే అతని చదువు అతనికి శత్రువవుతుంది. యజమాని కట్టవలసిన 12 శాతమూ, 3.25 శాతమూ యజమానే కట్టాలని చట్టం అంటుంది. అయితే కొన్ని ఏజెన్సీలు కార్మికుడిలో యాజమాన్య స్పృహ పెంచాలన్న సదుద్దేశంతో ఆ 1,800, 488 రూపాయలను కూడా అతని జీతంలోంచే తీస్తాయి. మిగిలేది 10,799. ఒక్క నెలలో కార్మికుడూ తానే, యజమానీ తానే అయ్యే అవకాశం పర్మనెంటు ఉద్యోగికి ఏ జన్మలో వస్తుంది? కోసిన సొమ్ము నిజంగా భవిష్యనిధిలో పడుతున్నదా అని భవిష్యనిధి సభ్యునికి ఇచ్చే యూఏఎన్ నంబరుతో ఫోనులోనే పాస్‌బుక్ తెరిచి చూసుకోవచ్చు. చూసుకోవడం మర్యాద కాదని ఏజెన్సీల అభిప్రాయం. ఈ ఒక్క విషయంలో అమర్యాదగా ప్రవర్తించమనే నా సలహా.

జీతం నాలుగు నెలలు ఆగినప్పుడు ఆఫీసువారు ఏజెన్సీని అడగమంటారు, ఏజెన్సీవారు బడ్జెట్ రాలేదంటారు. కాంట్రాక్టరు వేతనం ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానే చెల్లించి, తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నుంచే ఉంది. దాన్ని గుర్తుచేసినవాడి పేరును రెన్యూవల్ జాబితాలో గుర్తుచేసేవారు ఉండరు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వవచ్చు. ఆ అర్జీని కంప్యూటర్‌లో ఎక్కించే ఆపరేటరు ఔట్‌సోర్సింగ్ వాడే అయ్యుంటాడు. "మీకు ఎన్ని నెలలు పెండింగన్నా?" అని అతడు ఆప్యాయంగా అడిగితే, అది పరామర్శ అనుకోకూడదు, పోల్చి చూసుకుంటున్నాడు.

రెగ్యులరైజేషన్ అన్న మాట ఇంటర్వ్యూలో ఎత్తనేకూడదు. సరైన నియామక ప్రక్రియ లేకుండా చేరిన తాత్కాలిక ఉద్యోగులకు పర్మనెంటు హక్కు ఉండదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఆఫీసు సూపరింటెండెంటుకూ కంఠోపాఠం. అదే తీర్పు, మంజూరైన పోస్టుల్లో పదేళ్లకు పైగా పనిచేసినవారిని ఒక్కసారికి క్రమబద్ధీకరించమని కూడా చెప్పిందని ఆయనకు జ్ఞాపకం ఉండదు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని అదే న్యాయస్థానం 2016లో ఇచ్చిన తీర్పు, దారిలో ఏ గుంతకల్లు జంక్షన్‌లోనో ఇంజను మార్చుకుంటున్నట్టుంది. 2023లో రాష్ట్రం క్రమబద్ధీకరణ చట్టం చేసింది. అది 2014 జూన్ 2కు ముందు చేరిన కాంట్రాక్టు ఉద్యోగులకు, అంటే ఏజెన్సీ ద్వారా కాక ప్రభుత్వం నేరుగా తీసుకున్నవారికి. ఔట్‌సోర్సింగ్ వారు ఆ వార్తను టైపు చేసి నోటీసు బోర్డుకు అంటించారు.

ఎంపికైతే చివరగా ఒక పత్రం చేతిలో పెడతారు. "నేను భవిష్యత్తులో సదరు పోస్టుపై ఎటువంటి హక్కూ కోరనని, ఎప్పుడు తొలగించినా అభ్యంతరం చెప్పనని, ఏ కోర్టునూ ఆశ్రయించనని స్వచ్ఛందంగా వ్రాసి ఇచ్చుచున్నాను" అని అందులో ముందే అచ్చు వేసి ఉంటుంది. స్వచ్ఛందంగా అన్న చోట అక్షరాలు కాస్త లావుగా ఉంటాయి. సంతకం నీలం సిరాతో చేయాలి. స్టాంపు పేపరు ఖర్చు అభ్యర్థిదే. నాలుగు జిరాక్సులు కింద తీయించుకుని రావాలి.