వాషింగ్టన్ వీలునామా విడిపించింది ఎవరిని?

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ గురించి విస్తృతంగా ప్రచారంలో ఉన్న కథనం ఒకటుంది. ఆయన జీవితమంతా బానిసత్వాన్ని వ్యతిరేకించారనీ, చట్టం అడ్డుపడినందువల్లనే బతికుండగా ఏమీ చేయలేకపోయారనీ, 1799లో మరణిస్తూ వర్జీనియాలోని తన ఎస్టేట్ మౌంట్ వెర్నన్‌లో ఉన్న బానిసలందరికీ స్వేచ్ఛ ఇచ్చారనీ దాని సారాంశం. ఇందులో కొంత నిజముంది. ఆ కొంత నిజం చాటున మిగిలినదంతా చెల్లుబాటవుతోంది కనుక, ఒక్కొక్క వాదననూ విడిగా పరిశీలించవలసి ఉంది.

అందరినీ విడిపించారన్నది సరికాదు. 1799లో వాషింగ్టన్ స్వయంగా తయారుచేసిన జాబితాలో 317 మంది బానిసలున్నారు. వారిలో 123 మంది మాత్రమే ఆయన సొంత ఆస్తి. నలభై మంది వరకు అద్దెకు తెచ్చుకున్నవారు కాగా, 153 మంది ఆయన భార్య మార్తా మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ ఆస్తికి చెందినవారు. కస్టిస్ 1757లో వీలునామా రాయకుండానే మరణించడంతో, ఆ ఆస్తిలో మూడో వంతుపై మార్తాకు జీవితకాలపు అనుభవ హక్కు మాత్రమే దక్కింది. ఆ బానిసలను విడిపించే అధికారం ఆమెకు గానీ వాషింగ్టన్‌కు గానీ లేదు. 1802లో మార్తా మరణించాక వారిని ఆమె నలుగురు మనవలు, మనవరాళ్లు పంచుకున్నారు. వాషింగ్టన్ సొంత బానిసలకూ కస్టిస్ ఆస్తి బానిసలకూ మధ్య ఏళ్ల తరబడి వివాహాలు జరిగి ఉన్నందున, భర్తకు స్వేచ్ఛ వచ్చి భార్యాపిల్లలు బానిసలుగానే మిగిలిపోయిన కుటుంబాలు ఉన్నాయి.

ఆ 123 మందికైనా స్వేచ్ఛ వెంటనే రాలేదు. స్వాతంత్ర్య యుద్ధకాలమంతా వాషింగ్టన్ వెన్నంటి ఉన్న సేవకుడు విలియం లీకి మాత్రమే తక్షణ విముక్తి, ఏటా 30 డాలర్ల భరణం లభించాయి. మిగిలినవారు మార్తా మరణించేదాకా ఆగాలన్నది వీలునామా షరతు. తన చావు కోసం ఎదురుచూసేవారి మధ్య ఉండడం ఆమెకు క్షేమంగా తోచలేదని రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్య అబిగైల్ ఆడమ్స్ ఒక లేఖలో రాశారు; మార్తా వారిని 1801 జనవరి 1న విడిపించారు. వృద్ధుల పోషణకూ, తల్లిదండ్రులు లేని పిల్లలకు చదువు చెప్పించడానికీ వీలునామాలో చేసిన ఏర్పాట్లు మాత్రం నిజంగా మెచ్చదగినవి. ఆ భరణాలు 1833 వరకు చెల్లించబడ్డాయి.

చట్టం అడ్డుపడిందన్న వాదన, ఆయన సొంత బానిసల విషయంలో నిలవదు. యజమాని తన బానిసలను స్వయంగా విడిపించడానికి వర్జీనియా 1782లోనే అనుమతించింది. అదే రాష్ట్రానికి చెందిన రాబర్ట్ కార్టర్ 1791లో దస్తావేజు రాసి, 450 మందికి పైగా బానిసల విడుదలకు మార్గం వేశారు.

ఇక జీవితమంతా వ్యతిరేకించారన్న మాట. శాసనం ద్వారా బానిసత్వం అంతం కావాలని 1786లో మిత్రుడు రాబర్ట్ మోరిస్‌కు రాసిన లేఖలో ఆయన కోరుకున్న మాట వాస్తవమే. అయితే ఆ కోరికను బహిరంగంగా ఎన్నడూ ప్రకటించలేదు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టంపై 1793లో సంతకం చేసింది ఆయనే. రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు, ఆరు నెలలు దాటితే బానిసలు స్వేచ్ఛ కోరగలిగే పెన్సిల్వేనియా చట్టాన్ని తప్పించుకోవడానికి వారిని గడువులోపే రాష్ట్రం దాటించేవారు. ఈ సంగతి వారికీ ప్రజలకూ తెలియకుండా చూడాలని 1791లో కార్యదర్శి టోబియస్ లియర్‌కు రాశారు.

ఫిలడెల్ఫియాలోని అధ్యక్ష నివాసం నుంచే 1796 మేలో మార్తా పరిచారిక ఓనా జడ్జ్ తప్పించుకుంది. తనను మార్తా మనవరాలికి ఇచ్చివేయబోతున్నారని తెలిసి ఆమె న్యూ హాంప్‌షైర్ చేరింది. దంపతుల తదనంతరం స్వేచ్ఛ ఇస్తామంటే తిరిగి వస్తానని కబురు పంపగా, అలాంటి బేరానికి ఒప్పుకోలేనని వాషింగ్టన్ తిరస్కరించి, ఆమెను వెనక్కి రప్పించే ప్రయత్నాలు కొనసాగించారు. ఆమె కస్టిస్ ఆస్తికి చెందినది కనుక, మూడేళ్ల తరువాత ఆయన రాసిన వీలునామా ఆమెకు వర్తించేది కూడా కాదు.