శోభ గురించి మనం ఎందుకు మాట్లాడుకోము?

విదేశాల్లోని మన తెలుగు సంఘాల సమావేశాల్లో పాత హాస్య చిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడు 1983లో విడుదలైన హిందీ చిత్రం ‘జానే భీ దో యారో’ పేరు తరచుగా వినిపిస్తుంది. ఆ పేరు వినగానే అందరికీ గుర్తుకు వచ్చేది చివరిలోని మహాభారత నాటక సన్నివేశమే. పద్యనాటకాలను ఎరిగిన తెలుగువారికి నిండు సభలో ద్రౌపది వేషం తొడిగిన శవాన్ని, నల్ల కళ్ళద్దాలతో గద పట్టుకుని ఊగే భీముణ్ణి చూసి నవ్వడానికి ఎవరి వివరణా అక్కరలేదు. అయితే ఆ ముక్క ఒక్కటే ఫోన్లలో తిరుగుతూ ఉండడం వల్ల, ఇది ప్రధానంగా ఒక పత్రిక గురించి తీసిన చిత్రమన్న సంగతి మరుగున పడిపోయిందని నా అభిప్రాయం.

బొంబాయిలో వినోద్, సుధీర్ అనే ఇద్దరు యువకులు చిన్న ఫొటో స్టూడియో తెరుస్తారు. గిరాకీ లేక దిగాలుపడిన సమయంలో ‘ఖబర్దార్’ అనే పత్రిక సంపాదకురాలు శోభ వారికి పని అప్పగిస్తుంది. తర్నేజా అనే బిల్డరుకు, మున్సిపల్ కమిషనర్ డిమెల్లోకు మధ్య నడుస్తున్న లావాదేవీలను రహస్యంగా ఫొటోలు తీసి తేవాలన్నది ఆ పని. ఈ మధ్యలోనే ఒక పోటీ కోసం ఊరంతా తిరిగి తీసిన ఫొటోలలో ఒకదానిని పెద్దదిగా ప్రింటు వేసినప్పుడు, అందులో ఒక హత్య దృశ్యం బయటపడుతుంది. అక్కడి నుంచి శవం కోసం, సాక్ష్యం కోసం పరుగులు మొదలవుతాయి.

నసీరుద్దీన్ షా, రవి బాస్వానీ ఆ ఇద్దరినీ ఎంత అమాయకంగా నటించారంటే, మన దృష్టి పూర్తిగా వారి మీదే నిలిచిపోతుంది. పంకజ్ కపూర్ పోషించిన తర్నేజా చెడ్డవాడని మొదటి నుంచీ తెలుస్తూనే ఉంటుంది. ఓం పురి పోషించిన పోటీ బిల్డరు అహూజా కూడా అదే తానులో ముక్క అని త్వరలోనే అర్థమవుతుంది. భక్తి బర్వే నటించిన శోభ విషయం మాత్రం వేరు. ఆమె నిజం గురించి మాట్లాడుతుంది, కుర్రవాళ్ళను మెచ్చుకుంటుంది, ప్రజల పక్షాన పోరాడుతున్నామన్న నమ్మకం వారిలో కలిగిస్తుంది. చివరకు వారు ప్రాణాలకు తెగించి సంపాదించిన సాక్ష్యాన్ని అచ్చు వేయకుండా, దానిని చూపి తర్నేజాను డబ్బు కోసం బెదిరిస్తుంది. బిల్డరు చేసినది హత్య, కమిషనర్ తిన్నది లంచం. శోభ అమ్ముకున్నది ఇద్దరు యువకుల నమ్మకాన్ని. నా దృష్టిలో ఈ చిత్రంలో అత్యంత కఠినమైన తీర్పు ఆమె మీదనే ఉంది.

ఈ తీర్పు ఎప్పుడు వెలువడిందో గమనిస్తే దర్శకుడు కుందన్ షా తెగువ తెలుస్తుంది. మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే మీద వచ్చిన సిమెంటు కుంభకోణం ఆరోపణలను 1981లో అరుణ్ శౌరి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో బయటపెట్టగా, 1982 జనవరిలో అంతులే పదవి నుంచి దిగిపోవలసి వచ్చింది. అత్యవసర పరిస్థితి ముగిసిన తరువాతి ఆ సంవత్సరాలలో పరిశోధించి రాసే విలేకరికి ఒక వీరుడి స్థానం దక్కింది, అది న్యాయమైనదే. అయినా ఆ రోజుల్లోనే మరాఠీ నాటక రచయిత విజయ్ తెండూల్కర్ తన ‘కమల’ నాటకంలో, స్త్రీల విక్రయాన్ని నిరూపించడానికి ఒక స్త్రీని కొని తెచ్చిన విలేకరిని నిలదీశారు. కుందన్ షా అదే ప్రశ్నను హాస్యం ద్వారా అడిగారు. పత్రికల కీర్తి వెలుగుతున్న సమయంలో ఆ ప్రశ్న వేయడానికి ధైర్యం కావాలి.

ఈ చిత్రానికి మన హైదరాబాదుతో ఒక సంబంధం ఉన్నదని మనవారిలో చాలామందికి తెలియదు. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన కుందన్ షా మిత్రులు హైదరాబాదులో ఫొటోగ్రఫీ వృత్తి పెట్టుకుని పడిన పాట్లే ఈ ఇద్దరు ఫొటోగ్రాఫర్ల కథకు మూలం. ప్రభుత్వ చలనచిత్రాభివృద్ధి సంస్థ అయిన ఎన్.ఎఫ్.డి.సి. సొమ్ముతో, ఏడు లక్షల రూపాయల లోపు ఖర్చుతో తీసిన చిత్రమిది. దీనికి గాను కుందన్ షాకు ఉత్తమ తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ పురస్కారం లభించింది. ఆ పేదరికపు తాకిడి తెర మీద ఆ ఇద్దరి ముఖాల్లోనూ, వారి స్టూడియో గోడల్లోనూ కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది.

ఇదంతా మనసులో ఉంచుకుని మహాభారత సన్నివేశాన్ని మళ్ళీ చూస్తే నవ్వు తగ్గదు గాని, అది వచ్చే చోటు మారుతుంది. అక్కడ కమిషనర్ డిమెల్లో శవం ఒక సాక్ష్యం. హంతకుడికి అది మాయమైపోవాలి, అతని ప్రత్యర్థికి అది బేరానికి కావాలి. దానిని న్యాయస్థానం దాకా చేర్చాలని తపించేది ఆ ఇద్దరు మాత్రమే. చివరకు పెద్దలందరూ రాజీపడతారు, ఆ రాజీలో శోభ కూడా ఉంటుంది. తర్నేజా కట్టించగా కూలిపోయిన వంతెన నేరం వినోద్, సుధీర్‌ల మీద పడుతుంది. ఖైదీ దుస్తుల్లో వారు నగర వీధుల్లో నడుస్తూ ఉండగా ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ పాట వినిపిస్తుంది.

విదేశాల్లో ఉన్న మనకు స్వస్థలపు వార్తలు ఎక్కువగా యూట్యూబ్ ఛానళ్ళ ద్వారా, వాట్సాప్ బృందాల ద్వారానే చేరుతున్నాయి. ఒక అవినీతి కథ బయటపడగానే బిల్డరును, అధికారిని తిడతాము. ఆ కథ హఠాత్తుగా ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందని అడిగేవారు అరుదు. మన పిల్లల్లో పాత్రికేయ వృత్తిని ఎంచుకుంటున్నవారు కూడా ఉన్నారు. అందువల్ల మన సంఘం సాంస్కృతిక విభాగానికి నా విన్నపం ఒక్కటే. 2012లో పునరుద్ధరించి మళ్ళీ విడుదల చేసిన ప్రతిని సంపాదించి, ఉపశీర్షికలతో, ఒక శనివారం సాయంత్రం మొత్తం చిత్రాన్ని ప్రదర్శించండి. తరువాత ఒక గంట సేపు యువతీయువకులతో చర్చ పెట్టండి. ఆ చర్చ ద్రౌపది సన్నివేశంతో కాకుండా, శోభ తర్నేజాతో బేరం మొదలుపెట్టిన చోటు నుంచి ప్రారంభం కావాలని కోరుతున్నాను.