డబ్బా మీద 800 లీటర్లు.. ట్యాంకులో ఎన్ని?

అక్వేరియం షాపుకెళ్లి "రెండడుగుల ట్యాంకుకి మోటార్ కావాలి" అని అడగండి, షాపాయన ముందుగా చూపించేది డబ్బా మీదున్న అంకెనే. గంటకు 800 లీటర్లు, 1000, 1500. "ఇది తీసుకోండి సార్, పవర్ ఎక్కువ, నీళ్లు తేటగా ఉంటాయి" అంటాడు. మనమూ ఆ అంకె చూసే డబ్బులిస్తాం, ఎందుకంటే డబ్బా మీద పెద్దగా కనిపించేది అదొక్కటే. నా మటుకు నేను ఆ అంకెను నమ్మి పంపు కొనడం మానేశాను, మీరూ మానేయాలనే ఇది రాస్తున్నా.

800 అనేది అబద్ధమని కాదు. పైపు లేకుండా, స్పాంజి లేకుండా, నీటిని ఒక్క అంగుళం కూడా పైకి ఎక్కించకుండా కొలిచిన అంకె అది. దాని పక్కనే చిన్న అక్షరాల్లో 'హెచ్ మ్యాక్స్ 1.2 మీటర్లు' అని ఉంటుంది. ఆ ఎత్తు దాకా 800 లీటర్లు ఎక్కిస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఆ ఎత్తుకు చేరేసరికి పంపులోంచి చుక్క కూడా బయటికి రాదు, అది చెప్పడానికే ఆ అంకె. సున్నా ఎత్తుకీ 1.2 మీటర్లకీ మధ్య మన ఇంట్లో పంపు ఎక్కడుంటుందో అదే మనకు కావాల్సిన లెక్క, డబ్బా మీద లేనిది కూడా అదే.

అందుకే మా 800 లీటర్ల పంపును కొలిచాను. బాత్రూంలో పెద్ద టబ్బు నిండా నీళ్లు పట్టి, పంపు అందులో వేసి, పక్కన 5 లీటర్ల ఖాళీ వాటర్ బాటిల్ పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేశాను. 18,000ని బాటిల్ నిండడానికి పట్టిన సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వచ్చేస్తుంది. పైపు మూతి టబ్బులో నీటి మట్టం దగ్గరే ఉంచితే 27 సెకన్లు పట్టింది, అంటే 667 లీటర్లు. ఏ ఎత్తూ లేకుండానే 800 రాలేదు. అదే బాటిల్ స్టూలు మీద పెట్టి, పైపు మూతిని నీటి మట్టానికి మూడడుగుల ఎత్తున ఉంచితే 52 సెకన్లు, అంటే 346. ఇక్కడ ఎత్తంటే నీటి మట్టం నుంచి పైపు మూతి దాకానే, పంపు ఎంత లోతులో ఉందనేది లెక్కలోకి రాదు. దీని దగ్గర తికమకపడి అవసరం లేకపోయినా పెద్ద పంపు కొనేవాళ్లున్నారు.

ఇప్పుడు ఈ పంపునే రెండు ఇళ్లలో పెట్టి చూడండి. మా ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్క ప్రకారం దాదాపు 57 లీటర్లు పట్టాలి, గులకరాళ్లు పోసి పైన కొంచెం ఖాళీ వదిలితే 45 మించవు. పైన ట్రే ఉండే టాప్ ఫిల్టర్ కాబట్టి నీళ్లు ఎక్కాల్సింది ఆరంగుళాలే, అందుకని స్పాంజితో కొలిచినా గంటకు 545 లీటర్లు తిరుగుతున్నాయి. అంటే ట్యాంకులో నీళ్లన్నీ గంటకు 12 సార్లు తిరిగినట్టు. మామూలు మంచినీటి చేపలకు 4 నుంచి 6 సార్లు తిరిగితే చాలు. మా స్నేహితుడిది నాలుగడుగుల ట్యాంకు, 200 లీటర్ల పైమాటే, కింద సంప్ (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) నుంచి మూడడుగులు ఎక్కించాలి. అక్కడ ఇదే పంపు గంటకు రెండుసార్లు కూడా తిప్పలేకపోయింది. డబ్బా ఒకటే, అంకె ఒకటే, మా ఇంట్లో అవసరానికి రెండు మూడింతలైంది, వాళ్లింట్లో సగానికి సగం తగ్గింది.

ఎక్కువైతే ఏం పోయింది అనుకోకండి. మా ఒరండాలు, ఆ గుండ్రటి ఒళ్లు, బరువైన తోకలు ఉన్న గోల్డ్‌ఫిష్‌లు, రెండు రోజులు ఒక మూలకి అతుక్కుపోయి ఊరికే రెక్కలాడిస్తూ ఉండిపోయాయి. మేత వేస్తే నోటి ముందు నుంచే కొట్టుకుపోయేది. అది చూస్తూ కూర్చోవడం చాలా కష్టమనిపించింది. ఫైటర్ చేపకైతే ఇంత వేగం అసలు పనికిరాదు, అది పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు, దానికి కావాల్సింది నెమ్మదైన నీరు. గోల్డ్‌ఫిష్ సంగతి వేరు, మురికి ఎక్కువ చేస్తుంది కాబట్టి ఫిల్టర్ గట్టిగా ఉండాలి, ప్రవాహం మాత్రం మెత్తగా ఉండాలి. నీళ్లు బయటికొచ్చే చోట చిల్లుల పైపు బిగిస్తే ఈ రెండూ కుదిరాయి.

మా విజయవాడ ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన పట్టేది 32 డిగ్రీలకు 7 పైచిలుక్కి దిగిపోతుంది. అప్పుడు కావాల్సింది పైపొర కదలడం, అడుగున సుడులు తిరగడం కాదు. పైగా పంపు తినే కరెంటు చివరికి వేడిగా మారి ఆ నీళ్లలోకే పోతుంది. 15 వాట్ల పంపు రోజంతా తిరిగితే నెలకు దాదాపు 11 యూనిట్లు, 8 వాట్లదైతే 6 లోపే. చిన్న ట్యాంకుకి చిన్న పంపు చాలనడానికి ఇదొక్కటే చాలు.

ట్యాంకులో బిగించాక ఇంకో పరీక్ష చేయండి. నాలుగు మేత గింజలు పొడిచేసి నీళ్లలో చల్లి, పది నిమిషాలు చూడండి. పొడి ఏ మూల పేరుకుంటే అక్కడికి నీళ్లు వెళ్లడం లేదని అర్థం, పంపు మార్చక్కర్లేదు, మూతి తిప్పితే సరిపోతుంది. రాత్రి ఇల్లంతా నిద్రపోయాక శబ్దం కూడా వినండి, షాపులో ఫ్యాన్ల కింద అది తెలియదు.

కరెంటు విషయంలో మాత్రం నేను ఎవరికీ మొహమాటపడను. ప్లగ్గు తీయకుండా నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. వైరు వెంట జారే చుక్క సాకెట్లోకి పోకుండా, వైరు ప్లగ్గు కన్నా కిందకి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే పంపు కన్నా ముందు అది పెట్టించండి, పిల్లలు ఆ అద్దం దగ్గరే ఆడుకుంటారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, పరిమాణం, ప్రమాణం తెలుసుకునే హక్కు మనకిచ్చింది. అడుగు ఎత్తుకు ఎన్ని లీటర్లు, రెండడుగులకు ఎన్ని, మూడడుగులకు ఎన్ని అని డబ్బా మీద మూడు వరుసలు వేయడానికి కంపెనీకి పెద్ద ఖర్చేం కాదు. షాపాయన ఒక బకెట్, ఒక బాటిల్ పెట్టుకుని ఎదురుగా కొలిచి చూపించడానికి ఐదు నిమిషాలు పట్టదు. నేను ఇప్పుడు కొలవనిచ్చే షాపులోనే కొంటున్నా.

పంపు మీద ఆ ఆరంగుళాల రీడింగ్‌ని మార్కర్‌తో రాసి పెట్టుకున్నా, 33 సెకన్లని. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే 47 వచ్చింది. విప్పి చూస్తే మా బోరు నీళ్లకి ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే చిన్న రెక్కల చక్రం) ఇరుసు చుట్టూ పళ్లకు పట్టినట్టు తెల్లటి గార. నిమ్మ ఉప్పు నీళ్లలో గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి బిగించాక 34.